వందలో పోయిన నలభై నాలుగు

నా చిన్నప్పుడు మా ఇంటి వెనకాల గట్టు దిగితే ఒక సున్నపు బట్టీ ఉండేది. తాండూరు నుంచి కరణ్‌కోట వైపు పోయే దారిలో మా ఊరు. ఆ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా రాయే. మంచి రాయి బండలై ఇళ్ళలోకీ అరుగుల మీదికీ పోయేది. పనికిరాని ముక్కలు మా బట్టీకి వచ్చేవి. మావాళ్ళు అసలు గొర్లకాపరులు. బొంరాస్‌పేట దగ్గర తాతల నాటి మంద ఉండేదట. వరసగా వానలు లేక మంద చితికిపోతే, మిగిలిన కొద్ది గొర్లను తోలుకుని మా నాయన ఇటు వచ్చి బట్టీలో పనికి కుదిరాడు. ఆయన వెంట మా నాయనమ్మ, మా అమ్మ, పెళ్ళికాని మా చిన్నాయన, నేను.

బట్టీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. బావిని నేల మీద నిలబెట్టినట్టు గుండ్రటి రాతిగోడ. పై నుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు వేస్తారు. అడుగున ఒక కంత ఉంటుంది. కాలిన సున్నాన్ని అక్కడి నుంచి లాగుతారు. ఆ కంత ముందర నేల గుంతలా పల్లంగా ఉండేది. రాయి తెచ్చేటప్పుడు ఎడ్లు నురగలు కక్కుకుంటూ వచ్చేవి. అవే ఎడ్లు అదే దారిలో సున్నం బండిని మాత్రం తలలు ఎగరేసుకుంటూ లాగేవి. అదెట్లా అని అడిగితే మా నాయన "నిప్పు తన కూలి తాను తీసుకుంటది బిడ్డా" అనేవాడు. బట్టీలో అందరిదీ అదే మాట. నాకూ అది సబబుగానే తోచింది. అంత సేపు పనిచేసిన నిప్పు కూలి తీసుకుంటే తప్పేముంది?

ఆ మాటను ఒప్పుకోనిది మా పక్కింటి అక్క ఒక్కతే. వాళ్ళ నాన్న రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఆదివారం చర్చికి, మిగతా రోజులు పట్టాల మీదికి పోయే ఇల్లు వాళ్ళది. అక్క పొద్దున రైలెక్కి వికారాబాద్ పోయి ఇంటర్ చదివి సాయంత్రం రైలుకు వచ్చేది. మా వాడలో కాలేజీ గడప తొక్కిన ఆడపిల్ల ఆమె ఒక్కతే, అందులోనూ కెమిస్ట్రీలో తప్పింది. తప్పిందని వాడంతా నవ్వారు. ఆమెకు రోషం ఎక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. సెలవుల్లో వాళ్ళ అరుగు బండ మీద చాక్‌పీసుతో లెక్కలు రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం. బండలకు మాకేం కొదువ లేదు కాబట్టి అరుగు నిండితే గోడ పక్కన నిలబెట్టిన బండల మీద కూడా రాసేది. నేను తడిగుడ్డ పట్టుకుని పక్కన కూచునేదాన్ని.

మోల్ అంటే ఏమిటో నాకు మొదట చెప్పింది ఆమే. అప్పటికి నాకు ఎక్కాలే సరిగ్గా రావు. కానీ గొర్లకాపరుల పిల్లను కదా, ఆమె గొర్లతోనే చెప్పింది. ఇరవై గొర్లు ఒక పక్క, ఇరవై గొర్రెపిల్లలు ఒక పక్క నిలబెడితే తలల లెక్క ఒకటే, తూకం మాత్రం వేరు. మోల్ కూడా ఇరవై లాంటి ఒక లెక్కే, కాకపోతే మనిషి లెక్కపెట్టలేనంత పెద్దది. సున్నపురాయి మోల్ తూకం వంద. సున్నం మోల్ యాభై ఆరు. రాయి కాలితే ఒక్కో రేణువు రెండుగా విడిపోతుంది, ఈనిన గొర్రె నుంచి పిల్ల వేరైనట్టు. అప్పుడు తలలు పెరుగుతాయి గానీ మొత్తం తూకం పెరగదు, తగ్గదు. "మరి వందల యాభై ఆరు పోతే ఎంత? గది యాడికి పోయింది?" అని అడిగింది.

నేను వేళ్ళు ముడుస్తూ విప్పుతూ నలభై నాలుగు అని తేల్చి, నిప్పు తిన్నది అని చెప్పాను. నెత్తి మీద ఒక మొట్టికాయ పడింది. "నిప్పు తినది, దయ్యం తినది. లోపలికి పోయింది ఎట్లన్న బయటికి రావాలె. కండ్లకు కనబడకుంటే లేనట్టేనా?" అన్నది. నాకు ఏడుపు వచ్చింది. అక్క నాలుక కరుచుకుని నాకు బెల్లం ముక్క పెట్టింది.

ఆ ఏడు చలి తొందరగా దిగింది. మా చిన్నాయనకు దగ్గు. సున్నం దుమ్ము పడదు ఆయనకు, ఇంట్లో పడుకుంటే రాత్రంతా దగ్గి అందరినీ లేపుతున్నానని మొహమాటపడేవాడు. గొర్లకాపరులకు ఒక అలవాటు ఉంది. చలికాలంలో గాలి తగలని పల్లం చూసుకుని, చిన్న గొర్రెపిల్లలను పక్కలో వేసుకుని, గొంగడి తల మీదుగా ముసుగు తన్ని పడుకుంటారు. అడవిలో అది మంచి అలవాటే. బట్టీ కంత ముందరి గుంత ఎప్పుడూ వెచ్చగా ఉండేది. చిన్నాయన రెండు గొర్రెపిల్లలను తీసుకుని అక్కడ పడుకోవడం మొదలుపెట్టాడు. మంద పైన గట్టు మీద ఉండేది. తమ్ముడికి చలిగాలి కొట్టకూడదని మా నాయన ఒక పూట పని మానుకుని, గుంతకు మూడు దిక్కులా తడికలు కట్టి మట్టి మెత్తాడు. ఎంత ముచ్చటగా కట్టాడంటే, నేనూ అక్కడే పడుకుంటానని మారాం చేశాను. దగ్గుకు మంచిదని మా అమ్మ రోజూ వాము వేసి చిన్నాయనకు విడిగా జొన్నరొట్టె చేసి పంపేది. మేమంతా అంబలి తాగిన పూట కూడా ఆయనకు రొట్టె ఉండేది. అందులో ఒక తుంట ఆయన గొర్రెపిల్లలకు పెట్టేవాడు.

ఒక రాత్రి ఆకు కూడా కదల్లేదు. పొద్దున ఆయన లేవలేదు. గొంగడి తీస్తే నిద్రపోతున్నట్టే ఉన్నాడు. అటూ ఇటూ గొర్రెపిల్లలు కూడా బిగుసుకుపోయి ఉన్నాయి. నన్ను దగ్గరికి పోనివ్వలేదు. గట్టు మీద నిలబడి చూశాను. మా నాయన తమ్ముణ్ణి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చేతుల మీద వేసుకుని పైకి వచ్చాడు. ఇంటికి చేరేదాకా ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

ఇంత పని ఎట్లా జరిగిందని అందరూ అడుగుతుంటే జవాబు చెప్పింది మా నాయనమ్మ. "నా కొడుకు దాని చేతి రొట్టె తిని పోయిండు. పిల్లలకు గూడ గా రొట్టెనే పెట్టిండు, అవి గూడ పోయినయ్. పైనున్న గొర్లు తినలే, వాటికేం గాలే. మనమందరం అంబలి తాగినం, మనకేం గాలే. వానికొక్కనికే యేరేగ ఎందుకు జేసినట్టు?" అని మా అమ్మ వైపు వేలు చూపింది. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆమెను తిట్టబుద్ధి కాదు. కన్నకొడుకు పోయిన దుఃఖంలో కూడా ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని వరసగా పేర్చి చూసింది. లెక్కకు లెక్క సరిపోయింది. తప్పు లెక్కలు ఒక్కోసారి ఎంత చక్కగా సరిపోతాయో నాకు తర్వాత పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు బాగా తెలిసింది.

అమ్మ జొన్నపిండి డబ్బా మూత తీసి వాసన చూసేది, మూసేది, కాసేపటికి మళ్ళీ తీసేది. తన చేతుల మీద తనకే అనుమానం పుట్టింది పాపం. పొయ్యి ముట్టించడం మానేసింది. నేను అక్కవాళ్ళింట్లో తిన్నాను. మా నాయన మాత్రం అమ్మది తప్పు అనలేదు, కాదనీ అనలేదు. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఆ మౌనం చూసే. దినాలు అయిన మరునాడు కులపెద్దలు కూచుంటారని, అమ్మను పుట్టింటికి తోలేస్తారని, పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుందని ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఆ పిల్లను నేనే. ఆ రోజుల్లో నేను అమ్మ కొంగు వదల్లేదు, చెంబు పట్టుకుని పొలానికి పోయినా వెంటే పోయాను.

అక్క అప్పుడు ఊళ్ళో లేదు. మళ్ళీ పరీక్ష రాయడానికి వికారాబాద్‌లో చుట్టాలింట్లో ఉంది. దినాల నాడే వచ్చింది. వచ్చి మా అమ్మ పక్కన చాలాసేపు ఊరికే కూచున్నది. తర్వాత నన్ను పిలిచి, చిన్నాయన దగ్గర ఆ రాత్రి కందిలి దీపం ఉన్నదా అని అడిగింది. ఉన్నదన్నాను. పొద్దున చూస్తే ఆరిపోయి ఉన్నదా, నూనె అయిపోయిందా అని అడిగింది. నూనె నిండుగానే ఉన్నదని, దాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు నా గౌను మీద ఒలికిందని చెప్పాను. అక్క అరుగు మీదికి పోయి చాక్‌పీసు తీసుకుంది. ఈసారి తుడవమని నన్ను పిలవలేదు. వంద, యాభై ఆరు, నలభై నాలుగు నేను గుర్తుపట్టాను. దాని కింద ఇంకేవో అంకెలు పెరుగుతూ పోయాయి. చివరికి తనే చేత్తో అంతా చెరిపేసి, ఆ సున్నపు చేయి అట్లాగే పట్టుకుని మా నాయన దగ్గరికి వచ్చింది. "అన్నా, కందిలి ముట్టించుకొని ఒకపారి గుంత కాడికి రా" అన్నది.

పొద్దు గూకబోతున్నది. గాలి లేదు. బట్టీకి మనుషుల చావులు పట్టవు, అది మండుతూనే ఉంది. మా నాయన కొంకికట్టె కొసకు కందిలి తగిలించి, అక్క చెప్పినట్టు గట్టు మీద నిలబడి తడికల మధ్యకు మెల్లగా దించాడు. నడుము ఎత్తు దాకా దీపం బాగానే ఉంది. మోకాలి ఎత్తుకు వచ్చేసరికి సన్నబడింది. ఇంకా దిగితే, ఎవరో రెండు వేళ్ళతో వత్తి నలిపినట్టు ఆరిపోయింది. గాలికి ఆరిందేమో అన్నాడు నాయన. మళ్ళీ ముట్టించాడు, మళ్ళీ ఆరింది. మూడోసారి తన గొంగడి అడ్డం పట్టి దించాడు. అప్పుడూ అంతే.

అక్క అప్పుడు చెప్పింది. "రాయి వందైతే సున్నం యాభై ఆరే వస్తది అన్నా. కడమ నలభై నాలుగు నిప్పు తినలే. గాలై బయటికొస్తది. పొగ లెక్క కనబడది, వాసన రాదు. మనం పీల్చే గాలికన్న బరువు. ఒక్క క్వింటాల్ రాయి కాలితే పెద్ద పెద్ద నీళ్ళ డ్రమ్ములు వంద నిండేటంత గాలి. బొగ్గుది గూడ కలుస్తది. నువ్వు దినాం ఎన్ని క్వింటాళ్ళు ఏస్తవో నీకే ఎరుక. గాలి తోలితే కొట్టుకపోతది. తోలకుంటే నీళ్ళలెక్క పల్లానికి పారి నిలబడ్తది."

మా నాయన తడికల వైపు చూస్తూ ఉండిపోయాడు. మట్టి మెత్తిన చోట ఆయన అరచేతి అచ్చులు ఇంకా కనిపిస్తున్నాయి. "తడిక నేనే కట్టిన" అన్నాడు. అక్క ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. "గిదే లెక్క నేను ఎన్నిసార్లు జేసిన్నో అన్నా, గా అరుగు మీద కూసొని. ఒక్కపారన్న ఎనుకకు తిరిగి బట్టీని సూడలే" అన్నది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఇంకో మాట చెప్పింది. "లెక్క నేను జేసిన. జవాబు నువ్వే చెప్పాలె. నేను చెప్తే మీ అమ్మ ఇనదు. నువ్వు చెప్పకుంటే వదిన ఉండదు." అట్లా అని నన్ను కూడా అక్కడే వదిలేసి పోయింది.

ఆ రోజు ఆమె తలుచుకుంటే వాడంతా తిరిగి చాటగలిగేదే. పరీక్ష తప్పిందని నవ్విన వాళ్ళ ముందు నిలబడి లెక్క చెప్పి తన రోషం తీర్చుకోగలిగేదే. ఆ వయసులో నేనైతే అదే చేసేదాన్ని. ఆమె మాత్రం ఆ నిజం ఎవరిని కాలుస్తుందో వాళ్ళ చేతిలోనే పెట్టి తప్పుకుంది. అది ఎంత పెద్ద మర్యాదో నాకు అప్పుడు తెలియలేదు. మా నాయన తడికలు ఒక్కొక్కటే పీకి అవతల పారేస్తుంటే, ఇంత బాగున్నవాటిని ఎందుకు పీకుతున్నాడా అని చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి పోగానే గడపలో కూచున్న నాయనమ్మ ముందు కూలబడ్డాడు. "అమ్మా, రొట్టె కాదు. తమ్మునికి సలి కొట్టొద్దని నేను కట్టిన తడిక. రాత్రి బట్టీల నుంచి ఇసపు గాలి వచ్చి గుంతల నిలబడ్డది. నా తడికనే దాన్ని పోనియ్యలే" అన్నాడు. కందిలి సంగతి కూడా చెప్పాడు. నాయనమ్మ ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆమె మందలు కాచిన మనిషి, పల్లానికి ఏం పారుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. కొడుకు ముఖంలోకి చూసి, మెల్లగా, లోపల ఉన్న అమ్మకు కూడా వినపడేట్టు అన్న మాట నేను ఈ జన్మలో మరిచిపోలేను. "ఒక కొడుకును మట్టిల పెట్టిన. ఇంకో కొడుకు మీద నా చేత్తోనే మన్ను పొయ్యమంటవా? రొట్టె అనే ఉండనియ్యి బిడ్డా. అది బయటి పిల్ల. పోతది, ఏడుస్తది, బతుకుతది. నువ్వు బతకవు."

లోపల పిండి డబ్బా మూత చప్పుడు ఆగిపోయింది. మా నాయన తల అడ్డంగా ఊపాడు. "రేపు పెద్దమనుషుల ముందట గిదే చెప్త" అని లేచి బయటికి పోయాడు.

మరునాడు చెప్పాడు. అందరి ముందూ తల రుమాలు తీసి చేత పట్టుకుని చెప్పాడు. పెద్దమనుషులు నసిగారు, విధి అన్నారు, కావాలని చేసిందా ఏమిటి అన్నారు. కొందరు బట్టీ దాకా పోయి కందిలి దించి చూసుకున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజు చెప్పేవాడే అందరికీ లోకువయ్యాడు. తమ్ముణ్ణి చంపుకున్నవాడు అని పిల్లలు కూడా గుసగుసలాడారు. అమ్మను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఆమె పొయ్యి ముట్టించి రొట్టె చేసి ముందు నాయనమ్మకు పెట్టింది. నాయనమ్మ తిన్నది. తింటూ ఏడ్చింది. అమ్మ దగ్గర కూచుని నీళ్ళు అందించింది. వాళ్ళిద్దరూ ఆ తర్వాత బాగానే ఉన్నారు. నాయనమ్మ పోయేదాకా మాట్లాడనిది మా నాయనతోనే. అది కోపం కాదని, ఆయన ముఖం చూస్తే ఆమెకు ఇద్దరు కొడుకులూ కనిపించేవారని మా అమ్మ అనేది.

నాయన బట్టీ పని మానేశాడు. మేం బొంరాస్‌పేటకు తిరిగి పోయాం, మళ్ళీ గొర్లే. అక్క ఆ పరీక్ష పాసయింది, రైల్వేలోనే ఉద్యోగం దొరికి వాడి జంక్షన్ వైపు వెళ్ళిపోయింది. నన్ను చదివించమని మా నాయనకు మనిషి ద్వారా మాట పంపింది. ఆయన కాదనలేదు. పూడూరులో బంధువుల ఇంట్లో ఉండి చదివాను. చివరికి వికారాబాద్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే పనిలో కుదురుకున్నాను. ఆ పనిలోనే తల నెరిసింది. ఇప్పుడు నా మనవరాలు సెల్‌ఫోన్‌లో చూసి మోల్ లెక్కలు చేస్తుంది. సున్నం ఎంత వస్తుందో అడిగారు కాబట్టి యాభై ఆరు రాసి ఊరుకుంటుంది. ఇల్లు అలకగానే పండగ కాదే, మిగతాది ఏదీ అని నేను గొడవ పెట్టుకుంటాను. నా దగ్గర చదివిన పిల్లలు వెనకాల నన్ను నలభై నాలుగు మేడం అనేవాళ్ళు. తెలిసీ ఏమీ అనలేదు. ఆ పేరుకు నాకు కోపం రాదు, దుఃఖం వస్తుంది.

మా నాయన ఆఖరి చలికాలం నా దగ్గరే గడిపాడు. అమ్మ అంతకుముందే పోయింది. ఒక మధ్యాహ్నం ఎండలో మంచం వేసి పడుకోబెడితే, నన్ను దగ్గరికి రమ్మని, "బిడ్డా, నువ్వు పెద్ద సదువు సదివినవ్. గా పొద్దు లెక్క జేసిన పోరి చిన్నది, పరీక్షల గూడ తప్పింది. జర గా లెక్క మళ్ళొక్కపారి చేసి సూడు" అన్నాడు.

ఆయన ఏం అడుగుతున్నాడో నాకు అర్థమైంది. అన్నేళ్ళుగా ఆ చిన్న ఆశ ఒకటి లోపల దాచుకుని బతికాడు. అబద్ధం చెప్పాలనిపించింది. తప్పింది నాయనా, చలికే పోయాడు, దగ్గుకే పోయాడు అంటే నన్ను కాదనేవాళ్ళెవరు? కానీ ఆయన నన్ను అడిగింది లెక్క. కాగితం తెచ్చి ఆయన పక్కనే కూచుని, ఒక్కో అంకె పైకి చదువుతూ చేశాను. కాల్షియం నలభై. కార్బన్ పన్నెండు. ఆక్సిజన్ మూడు పదహార్లు. వంద. అందులో సున్నం యాభై ఆరు. ఆయన కళ్ళు మూసుకుని, మంద లెక్క వింటున్నట్టు వేళ్ళు కదుపుతూ విన్నాడు. జవాబు అదే వచ్చింది. కళ్ళు తెరిచి, "అండ్ల మీ అమ్మ రొట్టె యాడన్న ఉన్నదా?" అని అడిగాడు. "లేదు నాయనా, యాడా లేదు" అన్నాను. "గంతే సాలు" అని అటు తిరిగి పడుకున్నాడు.

లెక్క చేయడం నాకు అక్క నేర్పింది. వచ్చిన జవాబు తనకే తగిలినప్పుడు దాన్ని తన నోటితోనే చెప్పడం ఆ రోజు మా నాయన చేసి చూపించాడు. మొదటిది నేను బతుకంతా పిల్లలకు నేర్పాను. రెండోది ఎట్లా నేర్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.